తెల్ల గీత దాకా

వ్యాసర్పాడిలో రాత్రి పదకొండు దాటి
బస్సులు పల్చబడ్డాకే
మాకు రోడ్డు దొరుకుతుంది.

పాత గొట్టం బయటపడింది. పోత ఇనుము.
గునపం తగిలిందో లేదో కుండలా పగిలింది.
లోపల తుప్పు పేరుకుని
నీటికి మిగిలిన దారి బొటనవేలంత.

కొత్తది వేరే జాతి అంటాడు మేస్త్రి జకరయ్య.
కరిగిన ఇనుములో చిటికెడు మెగ్నీషియం వేస్తారట,
లోపలి నల్లరేకులు గుండ్రంగా ముడుచుకుంటాయట,
ఇక పగులుకి పాకే దారుండదట.
"దెబ్బ పడితే సొట్టపోద్ది గానీ యిరగదు" అని
తన నడుం పట్టుకుని నవ్వాడు.

సుబ్బరత్తమ్మ గొట్టం మూతిలో చెయ్యి పెట్టి
ఇసుక రేణువు మిగలకుండా తుడుస్తుంది,
మన్ను తిన్న పిల్లాడి నోట్లో వేలు తిప్పినట్టు.
రబ్బరు రింగు. పైన సబ్బు.
కర్రదుంగ అడ్డం పెట్టి గడ్డపారతో నెడతాం
తెల్ల గీత అంచు తాకేదాకా,
వెంట్రుకవాసి ఎక్కువ కాకుండా.

సందు మలుపులో బెండు,
దాని వీపుకి కాంక్రీటు దిమ్మె.
నీళ్లు మెత్తనివనుకునేవాణ్ణి.
పక్కకి తిప్పితే ఎంత కోపమో వాటికి!

మూడింటికి టెస్టింగు.
గేజి ముల్లు ఎక్కి ఎక్కి ఆగింది.
గంటసేపు ఎవరూ బీడీ ముట్టించలేదు.
ముల్లు కదల్లేదు.

తెల్లారి మా షెడ్ల దగ్గర
మెట్రోవాటర్ లారీ ఇంకా రాలేదు.
పచ్చ బిందె పక్కన సుబ్బరత్తమ్మ,
చేతుల నిండా ఆరిన సబ్బు.
కడుక్కోడానికి చెంబెడు నీళ్లెందుకులే అని
కొంగుకి తుడిచేసుకుంది.