సున్నా బైట్లు

మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలుండే అర్రలనే
ఆరు కంప్యూటర్లు పెట్టిపోయిన్రు.
దసరా సెలవులల్ల రెండింటి మౌస్ తీగెల్ని
ఎలుకలే కొరికినయ్.
మిగిలినయి నాలుగు.
మూడో తరగతి ఇరవై మూడు మంది.
కరెంటు పదకొండుకొస్తే
పన్నెండున్నరకు పోతది.

మక్తల్‌ల రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చిన్రు నాకు.
నిజం చెప్తున్న,
పిల్లల కన్న ఆ రెండు రోజులే నేను ముందున్న.

మొదటి పాఠం ఫోల్డర్.
"ఇది సంచి అనుకోన్రి.
ఏం దాచుకుంటరో ఆ పేరు పెట్టున్రి" అన్న.

షాహీన్ తన పేరే పెట్టుకుంది,
మూడు కంప్యూటర్లల మూడుసార్లు,
ఒకటి చెడిపోయినా ఇంకోట్ల తానుంటదని.
మౌనేష్ ట్రాక్టర్ అని రాయబోయిండు.
ఒత్తులు యాడున్నయో నాకూ దొరకలే.
'టరాకటర్' అయింది.
"ఉండనీ సార్, ఇదీ నడుస్తది" అన్నడు.
నవనీత చానాసేపు తెర దిక్కు చూసి
'పూణె' అని కొట్టింది.
లోపల ఏం పెడ్తవ్ బిడ్డా అంటే
"నేనేం పెట్ట సార్, ఆళ్లే ఉన్నరు" అన్నది.

బీరేష్ ఒక్కడు మాట్లాడలే.
కురుమోల్ల పిల్లగాడు.
హాజరుపట్టీల లేని దినాలన్నీ
వాగు గడ్డన మందల ఉన్న దినాలే.
అరికాలిల ముల్లు దేవులాడినట్టు
ఒక్కటే వేలుతోని కీబోర్డంత వెతికి
'గొర్రె' అని రాసిండు.
ఒత్తుతో సహా.
ఎట్ల దొరికిందిరా అని అడగబోయిన,
కరెంటు పోయింది.

ఏప్రిల్ ఇరవై మూడు, బడికి ఆఖరు దినం.
వచ్చేటి పిల్లలకు కంప్యూటర్లు
ఖాళీగ ఉండాలెనని పైనుంచి ఆర్డర్.
అర్రల ఒక్కన్నే కూసున్న.
తెర మీద పాకే బియ్యం పురుగును
బాణం గుర్తనుకొని
మౌస్ కదిలిచ్చి కదిలిచ్చి చూసిన.

షాహీన్‌ను తీసేసిన. ఇంకోసారి. మళ్లొకసారి.
టరాకటర్ పోయింది.
'పూణె' గూడ తీసేసిన.
ఫిబ్రవరిలనే అమ్మానాయన వచ్చి
నవనీతను తోలుకపోయిన్రు.

'గొర్రె' తీసేసే ముందు
ఎందుకో తెరిచిన.
లోపల ఇంకో ఫోల్డర్, 'దాని పిల్ల'.
తెరిస్తే దాంట్ల, 'దాని పిల్ల'.
మళ్ల తెరిస్తే, 'దాని పిల్ల నల్లది'.
నల్లదాంట్ల, 'కుంటిది'.
కుంటిదాంట్ల, 'పెబ్బేరు సంతల అమ్మింది'.
అమ్మినంక ఇంకేముంటదని
మూయబోయి, ఇంకొక్కసారి నొక్కిన.
'కడుపులది'.

ఫోల్డర్‌ల ఫోల్డర్ పెట్టొచ్చని నేను చెప్పలే.
నాకెవ్వరూ చెప్పలే.
గంటన్నర కరెంటుల,
వెనకనుంచి ఐదుగురు
నా వంతు నా వంతు అని గుంజుతుంటే
ఎప్పుడు మేపుకున్నడో వీడు.

సైజు ఎంతనో చూసిన.
లోపల ఫోల్డర్లు ఆరు, ఫైళ్లు సున్నా.
మొత్తం సున్నా బైట్లు.
మందకు మంద
తూకంల గాలి.

నిజంగ తీసేయాల్నా అని అడిగింది కంప్యూటర్.
ఈ బడిల ఏదన్న తీసేసే ముందు
అట్ల అడిగేటిది అదొక్కటే.

వద్దని నొక్కిన.
నా పెన్‌డ్రైవుల ఇసుమంత జాగ లేదు,
ఓటర్ల లిస్టులు, గుడ్ల లెక్కలు,
ఎవ్వరూ చదువని నివేదికలు.
అయినా మంద మొత్తం ఎక్కింది.
ఒక్కటి గూడ బయట నిలవడలే.

అర్రకు తాళమేసి
చెవి అటెండర్ సాబయ్యకిచ్చిన.
జూన్‌ల బీరేష్ వస్తే
ఏ క్లాసుకొచ్చినవ్‌రా అని కాదు,
ఈనిందా అని అడగాలె.