నంబరు చెప్పే పని

శుక్రవారం సాయంత్రం
నాన్న జీతం కవరు బల్ల మీద పెట్టగానే
అమ్మ టోపీకి పిన్ను గుచ్చుకునేది.
వేల్స్ బొగ్గు లోయలో, మా వాలు వీధి చివర
సహకార సంఘం కొట్టుకి
నలుగురం ఒకే సంచితో దిగేవాళ్ళం.
సంచి ఎలునెడ్‌ది. బంగాళాదుంపలు నాన్న భుజానివి.
నా పని ఒక్కటే,
సభ్యత్వం నంబరు చెప్పడం.

నేలంతా రంపపు పొట్టు.
టీ పెట్టెల వాసన, పొగపెట్టిన పంది మాంసం వాసన,
తడిసిన ఉన్ని కోట్ల వాసన.
ట్రెహార్న్ గారు రెండు చెక్క బద్దలతో
వెన్నని చరిచి చరిచి ఇటుక చేసేవారు.
తక్కెడ కాస్త మొగ్గితే
పిసరంత గోకి తీసేసేవారు.
అమ్మ ఆ పిసరునే చూసేది.
ఆయన గోడ గడియారం చూసేవారు.

నీలం కాగితంలో పంచదార:
దారం లేదు, జిగురు లేదు,
మడతే తాళం.
ఇంటికొచ్చి పాత కాగితంలో ఇసుక పోసి
ఎన్నిసార్లు ప్రయత్నించానో,
ప్రతిసారీ నా ఒళ్ళో ఇసుకే.

డబ్బు చెక్క గిన్నెలో పెట్టి తాడు లాగితే
తీగ మీద మా తలల పైనుంచి జుయ్యిమని పోయేది
అద్దాల గదిలో మిస్ బైనన్ దగ్గరికి.
చిల్లర తిరిగొచ్చేదాకా
విరిగిన బిస్కెట్ల డబ్బా వైపు
చూడకూడదు. చూశానో, ఎలునెడ్ మోచెయ్యి.

"నంబరు?"
చర్చిలో వాక్యం అప్పజెప్పినట్టు
గొంతు సవరించుకుని చెప్పేవాణ్ణి:
మూడు, ఒకటి, ఏడు, రెండు.

లాభం పంచే రోజున
అమ్మ చేతిలో పడ్డవి మూడు షిల్లింగులు,
నేను బడిలో ఉండగా తను ఒక్కతే కొన్నవాటి తాలూకు.
పద్దు తిరగేశారు. మళ్ళీ తిరగేశారు.
మాది మూడు, ఒకటి, రెండు, ఏడు.
ఏడాది పొడుగునా మా వెన్నా, మా టీ, మా సబ్బూ
ఎవరి ఖాతాలోనో జమ.

నా బూట్ల కోసం అనుకున్న డబ్బది.
అమ్మ దారంతా మాట్లాడలేదు.
నాన్న వంతెన దగ్గర ఆగి
దగ్గు తెర వచ్చేదాకా నవ్వాడు.

ఆ చలికాలమంతా
లోపల అట్టముక్క వేసిన బూట్లతో
వీధిలో ముఖాలు కాదు, పాదాలు చూస్తూ నడిచాను.
కొత్త తోలు కిర్రుమంటే
వీళ్ళేనా అని ఆగేవాణ్ణి.
"దొరికారా?" అంది అమ్మ ఒక రాత్రి, మేజోడు కుడుతూ.
లేదన్నాను.
"పోనీలే. దొరికితే ఏం మాట్లాడతాం?"

ఆ కొట్టులో ఇప్పుడు తివాచీలమ్ముతున్నారు.
ఊరి బయట పెద్ద సూపర్‌మార్కెట్‌లో
మనిషి లేని యంత్రం అడుగుతుంది
సభ్యత్వం కార్డుందా అని.
వెనక వరుసలో జనం. చేతిలో వెన్న చల్లగా.
నాలుక దానంతటదే మొదలెడుతుంది,
మూడు, ఒకటి,

ఇప్పటికీ ముందొచ్చేది ఏడే.