మూడో గేరు

ఆటోనగర్ నాలుగో క్రాసు రోడ్డు.
లారీల వెనక పూలూ చిలకలూ దిద్దే షెడ్డు పక్కన
టార్పాలిన్ కింద మూడేళ్లుగా ఒక ఫియట్.
తలుపు మీద చేత్తో రాసిన పదిహేడు,
ఏడు సగం పెచ్చులూడింది.

పట్టాభి గారు శుక్రవారాలు వస్తారు, గుంటూరు బస్సులో.
ఎనభై రెండేళ్లు. మోకాలు మడవడానికే రెండు నిమిషాలు.
స్టీరింగు పట్టుకుని కూర్చుంటారు.
ఇంజను నా బల్ల మీద
ముక్కలుగా కిరసనాయిల్లో నానుతుంటుంది.

సీటు విప్పితే దొరికిందొక దిండు.
పొగాకు గోనెతో కుట్టింది, లోపల గింజ తియ్యని పత్తి.
"డేవిడ్‌ది. పొట్టివాడు. క్లచ్ అందేది కాదు."

మద్రాసు అవతల పాత విమానాల మైదానం,
పన్నెండు గంటల పందెం.
ఒకడు తోలుతుంటే ఒకడు టైర్ల మీద పడి నిద్ర.
రాత్రంతా ఇద్దరిదీ ఒకటే బండి,
కలుసుకున్నది మాత్రం పెట్రోలు పోసినంత సేపే.
దిండు తియ్యి, దిండు వెయ్యి,
చెవిలో ఒక మాట.

గెలిచారా అనడిగాను.
నాలుగింటికి హెడ్‌లైటొకటి పోయిందట,
మిగిలిన కంటితో పదకొండో స్థానం.
కాసేపాగి,
"చివరికి మిగిలినవి పన్నెండే లే."

డేవిడ్ పోయి ఎన్నేళ్లో చెప్పలేదు.
దిండు మాత్రం ఉతకొద్దన్నారు.

నిన్న ఇంజను పలికింది.
బందరు రోడ్డు దాకా మీరే తోలండన్నాను.
తల అడ్డంగా ఊపి, దిగి, తలుపు పట్టుకుని
లారీ హారన్ల మధ్య
నా చెవి దగ్గరకు వంగారు:
"మూడో గేరు అలుగుతుంది.
కాస్త బుజ్జగించు."

నేనూ పొట్టిదాన్నే.
దిండు వేసుకున్నాను.