కొట్టు

కోవూరు కోర్టులో ఇరవై రెండేళ్లు
సాక్షుల మాటల్ని ఇంగ్లీషులోకి దించాను.
కార్బన్ కాగితం మసి
ఈ బొటనవేలి గీతల్లో ఇంకా ఉంది.

ఇంగ్లీషు దొంగతనానికి గదులు కట్టింది.
చడీచప్పుడు లేకుండా తీస్తే తెఫ్ట్,
కత్తి చూపి తీస్తే రాబరీ,
తలుపు పగలగొట్టి దూరితే బర్గ్లరీ,
దొంగలు అయిదుగురైతే డెకాయిటీ.
నలుగురే వచ్చారని చెబితే
ప్లీడర్లు పూటంతా వాదించుకునేవాళ్లు.

మనవాళ్లు బోనెక్కి అలా చెప్పరు.
పోయిన వస్తువు ఎలా పోయిందో అలా చెబుతారు.
బర్రెను తోలకపోయినారు.
మెళ్లో సరుడు తెంచకపోయినారు.
బోరు మోటారు పెరక్కపోయినారు.
గుంటలో రొయ్యని రాత్రికి రాత్రి పట్టకపోయినారు.
పెన్నలో ఇసక ఎత్తకపోయినారు
(ఈ మాట చెప్పినాయన రెండో వాయిదాకి రాలేదు).

అన్నిటికీ నా మిషను ఒకటే మాట కొట్టేది: స్టోలెన్.
గిట్టల చప్పుడు, మెడ మీద ఎర్రటి గీత, తడి వల
అందులో పట్టేవి కావు.
టైపు కొట్టడానికీ పర్సు కొట్టడానికీ
మనకు ఒకటే క్రియ అని
జడ్జిగారికి నేనెప్పుడూ చెప్పలేదు.

ఒక మే నెల, కరెంటు పోయిన మధ్యాహ్నం,
ఊటుకూరు చెంగమ్మ బోనెక్కింది.
రొయ్యల గుంటల మీద మేత చల్లిన కూలి,
మూడు నెలలది, ఆసామి ఇవ్వలేదు.
"నా కడుపు కొట్టినాడు సామీ" అంది.

అన్నం వేళ దాటిపోతోంది.
కాగితానికి చెమట అంటుకుంటోంది.
కొట్టేశాను: హి హిట్ మై స్టమక్.

అవతలి ప్లీడరు లేచాడు.
దెబ్బకి డాక్టరు సర్టిఫికెట్టేదీ?
ఎక్కడ కొట్టాడో చూపించమ్మా?
చెంగమ్మ కాసేపు ఆలోచించి
కుచ్చిళ్ల మీద చెయ్యి పెట్టుకుని
"ఈడ" అంది.
హాలంతా నవ్వింది.
నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

తప్పు నాదని లేచి చెప్పడానికి
ఒక్క నిమిషం పట్టేది.
రిబ్బను సరిచేసుకుంటూ కూర్చున్నాను.
నాలుగు వాయిదాలకి కేసు కొట్టేశారు.

ఆ సాయంత్రం టీ బంకు దగ్గర
నన్ను గుర్తుపట్టింది.
"నేను చెప్పిందే రాసినావు గదయ్యా?"
"నువ్వు చెప్పిందే" అన్నాను.

కొంగు ముడి విప్పి
నా టీకి కూడా తనే డబ్బులిచ్చింది,
ఇంగ్లీషు రాసే చెయ్యని.

తాగాను.