ఉల్టా పెట్టె

బండ్లగూడ షెడ్డులో, రేకుల కింద
గోదావరి లోయ పడుకుని ఉంది
మామిడి చెక్క పెట్టెల్లో,
ముక్కలుగా, నంబర్లతో.

హైదరాబాదు కింద ఉన్నది గ్రానైటు.
పగలడం తెలుసు దానికి, కుంగడం తెలియదు.
అందుకే కాబోలు
కుంగిన నేలల కథలన్నీ తెచ్చి ఇక్కడ దాచారు.

భూమి ఒకచోట చీలుతుంది. ఒక పక్క జారుతుంది
జానెడో మూరెడో, ఏ వెయ్యేళ్ళకో ఒకసారి.
జారినంత మేరా ఖాళీ.
ఖాళీని చూస్తే నీళ్ళు ఊరుకోవు,
విరిగిన గట్టు నుంచి గులకరాళ్ళు మోసుకొస్తాయి,
ఇసుక తెస్తాయి, రాలిన అడవిని తెస్తాయి,
తర్వాత తీరిగ్గా బురద.
చీలిక పక్కన మందం, దూరం పోయేకొద్దీ పలచన,
ఒకవైపే ఉబ్బిన పాత పరుపులా.
నిండిందనుకునేలోపు
అడుగు మళ్ళీ జారుతుంది.

నూట నలభై ఏడో పెట్టె దగ్గర రాసుకున్నాను:
కింద మెత్తటి మట్టి. పైకి పోయేకొద్దీ ఇసుక, ఆపైన గులక.
చీలిక మెల్లగా మేల్కొంది.
ఆ చివరి వాక్యం నాకు నచ్చింది కూడా.

పెట్టెలు చేసే నర్సోజి
చెవి మీద పెన్సిలు సర్దుకుని వంగి చూశాడు.
"మేడమ్, గిది ఉల్టా పెట్టిన్రు."

నీకెట్లా తెలుసన్నాను.

"ఆ ఏడు వానకు నాలా మా ఇంట్ల జొరబడ్డది.
మూడొద్దులు పారతోటి ఎత్తిపోసిన.
అడుగున కంకర. దాని మీద ఇసుక.
అన్నిటికి మీద మెత్తటి మన్ను, వెన్న లెక్క.
నా బిడ్డ పుస్తకాల మీద గదే ఎండి పలిగింది.
నీళ్ళు కోపంల ఉన్నప్పుడే బరువు మోస్తయి మేడమ్.
అలసినంక మన్నే."

ఇద్దరం పట్టి పెట్టె తిప్పాం.
రాతి వీపు మీద డ్రిల్లింగు వాళ్ళు గీసిన ఎర్ర బాణం
సగం చెరిగి, పైకి చూస్తోంది.

వాక్యం కొట్టేశాను.
చీలిక ఒక్క ఉదుటున లేచింది, అని రాశాను.
మళ్ళీ నిద్ర పట్టడానికే
చాలా కాలం పట్టింది.

రేకుల మీద నాలుగు చినుకులు.
నర్సోజి సుత్తి ఆపి ఫోను తీశాడు.
"ఏం లేదు బిడ్డా,
పుస్తకాలు అటకెక్కించినవా?"