మొప్ప ఎత్తి చూడు

ఏప్రిల్ పదిహేను నుంచి బోట్లన్నీ ఫిషింగ్ హార్బర్‌లోనే.
ఒకదాని పక్కటెముకలకి ఇంకొకటి ఆనుకుని
తాళ్ళు బిగిసి, ఇంజన్లలో ఉప్పు పేరుకుంటూ.
ఒక్కటీ మునగలేదు. ఒక్కటీ వేటకెళ్ళదు.

కొండమీది ల్యాబులో నా పనీ అలాంటి బోట్ల లెక్కే.
డ్రై ఐసు పెట్టెల్లో పొగలు కక్కుతూ వస్తాయి
ఎవరివో మెదడు ముక్కలు, కందిగింజంత.
పేర్లుండవు. వయసు, ఆడో మగో,
పోయాక ఎన్ని గంటలకి తీశారో, అంతే.
ముందు తాజాదనం చూడాలి.
ఆర్ఎన్ఏ ఎంత చితికిందో పదికి మార్కులేస్తుంది మిషను.
ఏడు దాటితే ఉంచుతాను. ఆరైతే పక్కన పెడతాను.
ఈ పని నాకు కాలేజీలో కొత్తగా నేర్పక్కర్లేకపోయింది.

మా పెద్దమ్మ కాసులమ్మ
నలభై ఏళ్ళు ఈ రేవులో చేపల పాట నడిపింది.
తెల్లారి నాలుక్కి నడుముకి గోనెపట్టా చుట్టి
వంజరం మొప్ప బొటనవేలితో ఎత్తి
ఒక్క చూపు.
“నిన్నటిది. ఐసులో దాసినావు. నాకాడా?”
బోటు ఓనర్లు నేల చూపులు చూసేవాళ్ళు.
కాగితం లేదు, పెన్ను లేదు.
ఎవరికి ఎన్ని బుట్టలు, ఎవరి బాకీ ఎంత
అంతా ఆ కొప్పు కిందే.

మొదట పోయింది కనాగంత పేరు.
చేతిలో పట్టుకుని “ఇది... ఈ చారల్ది...” అంది.
తర్వాత బాకీలు.
(ఆ ఏడు ఊళ్ళో చాలామంది అప్పుల్లేనివాళ్ళయ్యారు.)
తర్వాత ఇంటిదారి.
తర్వాత నేను.

స్క్రీను మీద నీలం గళ్ళు, ఎర్ర గళ్ళు.
నీలమంటే గొంతు తగ్గిన జన్యువులు:
కణం నుంచి కణానికి కబురు మోసేవి,
కణంలో పొయ్యి ఆరకుండా చూసేవి.
ఎరుపంటే గొంతు పెంచినవి:
చెత్త ఊడ్చే కణాలవి, కాపలా కణాలవి,
రేవు ఖాళీ అయ్యాక కుక్కల్లాగ
రాత్రంతా.

కనాగంత అన్న పేరుకి జన్యువు లేదు, నాకు తెలుసు.
ఆ పేరుని పట్టి ఉంచిన వలముడిని
రోజూ బిగించే చేతులకి ఉంది.
పెద్దమ్మ పుట్టిననాటి అక్షరాలే ఇప్పటికీ
బతికున్న ప్రతి కణంలో ఉన్నాయి.
ఆ చేతులకి మాత్రం ఎవరూ కూలి పిలవటం లేదు.

పరిమళ మేడం ప్రతిసారీ ఒకటే అడుగుతుంది:
“సంతలో సద్దు తగ్గిందంటున్నావు సరే,
జనం మెల్లగా మాట్లాడుతున్నారా?
జనమే లేచిపోయారా?”
కణాలు చచ్చినా గీత కిందికే దిగుతుంది మరి.
అందుకని ఇప్పుడు ఒక్కో కేంద్రకాన్నీ విడదీసి
ఒక్కోదానికీ ఒక చీటీ కట్టి
విడివిడిగా వింటున్నాం, వేలల్లో.
రెండూ నిజమేనని తేలింది.
ఏది ఎంతన్నది ఇంకా తగువే.

ఇంటికొచ్చి పెద్దమ్మకి జావ తాగిస్తూ
నేనూ అదే అడుగుతాను, పైకి అనకుండా.
మెల్లగా మాట్లాడుతున్నావా?
లేచిపోయావా?

జూన్ పద్నాలుగు. అర్ధరాత్రికి నిషేధం తీరుతుంది.
ఆటోలో పెద్దమ్మని రేవుకి దింపాను.
బంతిపూల దండలు, డీజిలు వాసన, కొబ్బరికాయ చిప్పలు.
ఒక ఇంజను దగ్గింది. ఇంకోటి. తర్వాత లెక్క తప్పింది.
డాల్ఫిన్ నోస్ మీది దీపం తిరిగి తిరిగి
నీళ్ళ మీద పడి పోతోంది.

“ఏటి ఈ గోల?”
“బోట్లెల్తన్నాయే పెద్దమ్మా.”
“ఎవుల్దానివి నువ్వు?”
అమ్మ పేరు చెప్పాను.
అమ్మ పోయిన సంగతి చెప్పలేదు.

చాలాసేపు చూసింది.
బొటనవేలు నా చెవి కింద పెట్టి
మెల్లగా పైకెత్తి
దీపం తిరిగొచ్చేదాకా ఆగి, లోపలికి చూసింది.

“ఇయ్యాల్టిదే” అంది,
రేవంతా వినపడేలా.
“పాడండి.”