పళ్ళు దించిన మిషను

మొదటి రోజు ఒక్కటే చెబుతాను:
మిషను పళ్ళు దించెయ్యండి.
సూది కింద ఆ చిన్న ఇనుప పళ్ళే కదా
ఇన్నాళ్ళూ మీ గుడ్డని ముందుకు లాక్కుపోయింది,
మారాం చేసే పిల్లాణ్ణి బడికి ఈడ్చుకుపోయినట్టు.
ఇక ఎవరూ లాగరు.
చేతులు ఆగితే సూది ఉన్నచోటే పొడుస్తుంది,
చేతులు ఉరికితే కుట్లు అంగలేస్తాయి.
కాలిదో మాట, చేతిదో మాట అయితే
అడుగున దారం పిట్టగూడు కడుతుంది.
కట్టనివ్వండి. తిప్పి చూసి నవ్వుకుందాం.

లూనెన్‌బర్గ్ అవతల, ఫైర్‌స్టేషన్ మేడ మీద
మంగళవారం రాత్రులు మా క్లాసు.
కింద ఎర్ర బండి నిద్రపోతుంటుంది.
కిటికీ బయట రేవు ఉందని
పొగమంచులోంచి గంట మోగితేనే నమ్మాలి.
ఏడు మిషన్లు ఒక్కసారి అందుకుంటే
హీటరు గొణుగుడు కూడా మునిగిపోతుంది.

ఒడెట్ చేపల ఫ్యాక్టరీ నుంచి నేరుగా వస్తుంది,
వేళ్ళకి నిమ్మచెక్క రుద్దుకుని.
ఆమె కుట్టే ఈకలు ఏ పక్షివీ కావు,
బంగాళాదుంపల వరస.
అయినా వారానికొకటి
ఎగరడానికి ఒళ్ళు విదిలించుకుంటుంది.

"నువ్వెలా నేర్చుకున్నావు, వెర్నా?"
కరెంటు బిల్లుల వెనక, పెన్సిలు ఎత్తకుండా.
పులుసు ఉడికేలోపు ఒక కాగితం,
పిల్లకి జ్వరం వచ్చిన రాత్రి నాలుగు.
మొదటి పోటీలో జడ్జి రాసిన చీటీ
ఇప్పటికీ మా ఇంట్లో మిషను పైన గోడకే ఉంది:
"కుట్లు సమంగా లేవు."
నిజమే.
ఆ ఏడు మా ఇంట్లో ఏదీ సమంగా లేదు.

అందుకే నియమాన్ని గట్టిగా పట్టుకున్నాను:
గీత గీతని దాటకూడదు.
దారి తప్పిన చీమలా తిరగండి,
ఎంత తిరిగినా మీ అడుగు మీరు తొక్కకండి.
ఇరవై ఆరేళ్ళు అదే పాఠం.

ఈ శీతాకాలం మర్డాక్ వచ్చాడు.
నలభై ఏళ్ళు స్కాలప్ పడవ నడిపిన చేతులు.
గుడ్డ జారకుండా మేం తొడుక్కునే తొడుగులు పట్టలేదు,
గిన్నెలు తోమే గ్లోవ్స్ వేళ్ళు కత్తిరించి తెచ్చుకున్నాడు.
నీలం గుడ్డ, దూది, అస్తరు పరిచి
నమూనా ఏదీ గీసుకోకుండా పెడల్ తొక్కాడు.

వెనక నిలబడి చూశాను.
గీత రేవు విడిచింది, మెలిక తిరిగింది,
ఒకచోట గింజంత సున్నాలు చుట్టింది,
అక్కడేం పడ్డాయో, ఎవరు పడ్డారో అడగలేదు.
మళ్ళీ వెనక్కొచ్చింది,
తన గీత మీదుగానే.
"దాటింది," అన్నాను.
తలెత్తలేదు.
"దాటకుండా ఇంటికెలా వస్తాం?"

మిగతా మిషన్లు ఆగాయో,
నాకే వినపడలేదో.

ఆ రాత్రి నా తెల్ల బొంత ముందు కూర్చున్నాను.
తెలుపు మీద తెలుపు, పదకొండు నెలల పని,
మార్చిలో పోటీకి వెళ్ళాలి.
ఒక్క గీతా ఇంకో గీతని తాకలేదు,
ఒకే వంటింట్లో ఏళ్ళ తరబడి
పక్కకి తప్పుకుంటూ నడిచిన ఇద్దరిలా.
సూది దించాను.
ఈకలని చీల్చుకుంటూ, గులకరాళ్ళ మీదుగా
అంచు దాకా వెళ్ళి తిరిగొచ్చాను.
భయం వేసింది. తర్వాత ఆకలి వేసింది.
రెండు గంటలప్పుడు చూసుకుంటే
బాబిన్‌లో దారం ఎప్పుడో అయిపోయింది.
అంత ప్రయాణమూ ఉత్త చిల్లులు,
లాగితే పైదారం పొడవునా ఊడి చేతికొచ్చింది.

నీళ్ళు చల్లి గోటితో రుద్దితే చిల్లులు పూడతాయి,
మీకు నేర్పింది నేనే.
గిన్నెలో నీళ్ళు తెచ్చుకున్నాను కూడా.
వేళ్ళతో తడిమితే తెలుస్తోంది
ఎక్కడ తిరిగానో, ఎక్కడ దాటానో.
నీళ్ళు పిల్లి తాగింది.

వచ్చే మంగళవారం బొంత తెస్తాను,
బాబిన్ నింపుకుని.
మర్డాక్, నువ్వు పక్కన కూర్చో.
ఏ చిల్లు దగ్గర మొదలుపెట్టాలో
నాకింకా తెలీదు.